ఇనుపకట్టడములలో అతుకుల చరిత్ర

విజయనగరమునకు ఈశాన్యముగా 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్లకు సమీపమున నిలిచియున్న రామతీర్థపు కొండలను ప్రజలు శ్రీరామచంద్రుని సన్నిధిగా సేవింతురు గాని, ఆ కొండలకు రామాలయముకంటె పూర్వచరిత్ర యొకటి కలదు. గురుభక్తులకొండమీద బౌద్ధభిక్షువులు నిర్మించుకొన్న చైత్యముల, విహారముల ఇటుకపునాదులు నేటికిని కానవచ్చును. దుర్గకొండ గుహలో జైనమూర్తులు కలవు. 11వ శతాబ్ది తొలిపాదమున వేంగి నేలిన విమలాదిత్యుని గురువగు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ కొండకు వచ్చి నమస్కరించెనని చెప్పు శాసనమును అచ్చటిదే. ఇటుకగాని, రాయిగాని, అట్టి కట్టడములను నిలిపినది ప్రధానముగా వాని బరువే. పైదాని భారము క్రిందిదానిని అదిమిపట్టుటచేత గోడ గోడగా నిలుచును. నడుమనున్న మట్టి కొంత జారిపోయినను ఇటుక తన చోటు విడువదు. ముక్కను ముక్కతో బంధింపవలసిన అగత్యము ఆ శిల్పులకు మిక్కిలి స్వల్పము.

ఇనుపకట్టడము సంగతి వేరు. ఉక్కుదూలము ఒత్తిడినే గాక లాగుడును సహించును. తేలికయగుటచేత పెనుగాలికి కప్పు పైకి లేవజూచును. మీద రైలు పోవునప్పుడు వంగి, పోయినపిదప మరల సరియగును. మిల్లులో దొర్లించి తీసిన కమ్మీ, వ్యాగనులోనో లారీలోనో ఇమిడినంత పొడవే యుండును గనుక, ఎంత మహాసౌధమైనను చిన్న ముక్కల కూర్పు కాక తప్పదు. స్తంభము దూలమును కలియుచోట, ట్రస్సులోని ఏటవాలు కమ్మీలన్నియు ఒక గసెట్టు ప్లేటుమీదికి వచ్చి చేరుచోట, బలము ఒకదానినుండి మరియొకదానికి సాగిపోవలెను. దూలముయొక్క బలము మిల్లునందే నిర్ణీతమై, పరీక్షింపబడి, ముద్రపడి వచ్చును. అతుకుబలము మాత్రము దానిని వేసిన మనుష్యుని చేతిలో నుండును. కనుక అతుకుల చరిత్ర యనగా, పనివాని చేతిని ఇంజనీరు ఎంతవరకు నమ్మెను, ఎచ్చట శంకించెను అను దాని చరిత్రయే యని నా యభిప్రాయము. ఆ చరిత్రలో మన ఉత్తరాంధ్రమునకు గల భాగము సామాన్యులు తలచుదానికంటె పెద్దది.

ఇనుమునకు ఇనుమును అతుకుట ఈ తీరమున కొత్తవిద్య కాదు. శ్రీకాకుళము చెంతనున్న ముఖలింగము తొల్లి కళింగనగరమను పేర తూర్పుగాంగులకు రాజధానియై యుండెను. ఆ వంశమువాడే యగు నరసింహదేవుడు 13వ శతాబ్ది మధ్యమున కోణార్కమున సూర్యదేవాలయమును కట్టించినపుడు, రాతిదూలములకు ఆసరాగా ఇనుపదూలములను వాడిరి. వానిలో పెద్దది సుమారు 35 అడుగుల పొడవు కలది. అంత పొడవైన కమ్మీని ఒక్కపోతగా తీయగల కొలిమి ఆనాడు ఇచ్చట లేదు. చిన్నచిన్న ఇనుపముద్దలను తెల్లగా కాల్చి, ఒకదానిమీద నొకటి పెట్టి, సమ్మెటలతో మోది, అవి ఏకమగువరకు సాగగొట్టి, ఆ దూలములను పెంచిరి. నాటి కమ్మరికి లెక్కలు లేవు. కాక యొక్క రంగే ఆతనికి ఉష్ణమాపకము. రంగు ఒకింత తగ్గినచో ముద్దలు అతుకవు. ఒకింత మించినచో ఇనుము మాడి నిప్పురవ్వలు చిమ్మును. ఆ సందున పట్టుకొనుటయే విద్య. దాగలియొద్ద నిలిచి గడ్డపారకు మొన అతుకు పల్లెటూరి కమ్మరి చేతిలో మొన్నమొన్నటిదాక నిలిచియున్నదియు ఆ విద్యయే.

ఇచ్చట కథ కొంత ప్రక్కదారి పట్టవలసియున్నది గాని, ఆ దారి రామతీర్థమునకు కూతవేటు దూరముననే పోవును. 1856లో ఇంగ్లండున బెస్సెమరు తన కొత్తపద్ధతితో ఉక్కును టన్నులకొలది తీయనేర్చెను. కాని ఆ ఉక్కులో చాలభాగము కాల్చి సాగగొట్టబోగా పగిలిపోవుచుండెను. కరగిన లోహమున మిగిలిపోయిన ప్రాణవాయువు, గంధకము దీనికి కారణములు. రాబర్టు మషెట్టు అనువాడు మాంగనీసుతో కూడిన ఇనుమును అందు కలిపి ఈ దోషమును పోగొట్టెను. గంధకము ఇనుముతో గాక మాంగనీసుతో కలియును. అట్లు కలిసినపుడు ఉక్కు ఎఱ్ఱని కాకలోను పగులక సాగును. అప్పటినుండి మాంగనీసు లేని కట్టడపుటుక్కు లేదు. అట్టి మాంగనీసు ఖనిజమును భారతదేశమున మొట్టమొదట త్రవ్వితీసినది నెల్లిమర్లకు అవతల గరివిడి, చీపురుపల్లి ప్రాంతమునందలి కోడూరున, 1892లో. విజయనగరము మైనింగు కంపెనీ దానిని సముద్రము దాటించి అమ్ముకొనుచుండెను. భారతీయ మాంగనీసు నిక్షేపములనుగూర్చి 1909లో ఉద్గ్రంథము ప్రకటించిన భూగర్భశాస్త్రజ్ఞుడు ఫెర్మరు, ఇచ్చటి శిలలకు ఆ గ్రామముపేరనే ‘కోడురైటు’ అని నామకరణము చేసెను. గరివిడి శ్రీరామనగరమున ఫెర్రో మాంగనీసు కొలుములు వెలసినది 1950ల నాటి మాట. అంతకు పూర్వము అర్ధశతాబ్దికి పైగా మన మన్ను ఓడలెక్కి పోవుచునేయుండెను. ఇనుపదూలములు ఓడలు దిగి వచ్చుచునేయుండెను.

ఆ దూలములు వచ్చినది రైలుమార్గముకొఱకు. 1890ల దశాబ్దిలో బెజవాడనుండి కటకమువైపు సాగిన తూర్పుతీరపు రైలుదారి విజయనగరము, నెల్లిమర్ల, చీపురుపల్లి, ఆమదాలవలసల మీదుగా వేయబడినది. చంపావతి, నాగావళి, వంశధార మొదలగు నదులను దాటవలసిన ఆ దారికి అన్నిటికంటె గొప్ప అడ్డంకి గోదావరి. 1897 నవంబరులో ఆరంభమైన రాజమహేంద్రవరపు వంతెన, ఫ్రెడరిక్ వాల్టను అను ఇంజనీరు పర్యవేక్షణమున, 150 అడుగుల నిడివి గల 56 గర్డర్లతో పూర్తియై, 1900 ఆగస్టు 30న తెరువబడెను. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాకు పేర దానికి ప్రసిద్ధి కలిగినది. 1997లో రైళ్లు ఆగిపోవువరకు, అనగా దాదాపు నూరేండ్లు, ఆ భారమంతయు మోసినది రివెట్టు. చిన్నది, తల యొకటి గలది, కాల్చి కొట్టి రెండవ తల తెప్పింపబడునది.

రివెట్టు వేయుట ఒక్కని పని కాదు, ఒక జట్టు పని. ఒకడు బొగ్గుకుంపటియొద్ద గాలి ఊదుచు రివెట్లను ఎఱ్ఱగా కాల్చును. రెండవవాడు కాలిన రివెట్టును పట్టుకారుతో అందుకొని, పొక్కు రాల్చి, రంధ్రమున దూర్చును. మూడవవాడు దాని తలకు బరువైన ఇనుపదిమ్మె నానించి తన దేహభారమంతయు దానిమీద మోపును. ఆవలిప్రక్క నిలిచినవాడు పొడుచుకొనివచ్చిన తోకను సమ్మెటతో మోది, గుంటగల స్నాపు పెట్టి, గుండ్రని తలగా తీర్చును. ఇదియంతయు ఎఱుపు చల్లారకముందే జరుగవలెను. రంధ్రము రివెట్టుకంటె ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పుగా నుండును గాని, మెత్తనై యున్న లోహము దెబ్బలకు ఉబ్బి ఆ సందును నింపివేయును. పిదప చల్లారునప్పుడు రివెట్టు పొడవు తగ్గజూచును. రెండు తలలును రేకులను విడువవు గనుక, ఆ తగ్గుదల రేకులను బిగించి అదిమిపట్టును. ఈ పట్టు నిజముగా మేలైనదే యైనను, ఏ రివెట్టులో ఎంత యున్నదో చెప్పుటకు వీలులేకపోవుటచేత, రూపకర్త దానిని లెక్కలో చేర్చుకొనలేదు. జట్టు ఉచితముగా నిచ్చిన బలమది; కాగితముమీద దానికి ఖాతా లేదు.

లెక్కలో చేరినవి వేరు. రేకు మందము పదిమిల్లీమీటర్లయినచో రివెట్టు సుమారు 20 మిల్లీమీటర్లది యుండవలెనని, మందముయొక్క వర్గమూలమును ఆరుతో గుణించు అన్విను సూత్రము చెప్పును. రెండు రివెట్ల నడుమ ఎడము వ్యాసమునకు రెండున్నర రెట్లకు తగ్గరాదు. అతుకు చెడుటకు దారులు నాలుగు: రివెట్టు కత్తిరింపబడుట, రేకు రంధ్రపు టంచున నలిగిపోవుట, రంధ్రముల వరుసవెంట రేకు చినుగుట, చివరి రంధ్రమునుండి అంచు తెగి బయటపడుట. ఈ నాల్గింటిలో ఏది ముందుగా సంభవించునో కనుగొనుటయే అతుకు రూపకల్పనము. నేటి బోల్టుకును ఆ నాలుగే ప్రశ్నలు. మనదేశపు ఉక్కుకట్టడముల నిబంధనగ్రంథమైన ఐ.ఎస్. 800 మొదట 1956లో వెలువడి, 1962లోను 1984లోను సవరింపబడినది. ఆ 1984 ప్రతిలో యంత్రముతో వేసిన రివెట్టునకు చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్ల కోతబలమును, చేతితో వేసినదానికి 80 మాత్రమే అనుమతించిరి. కార్యస్థలమున వేసినచో అందులోను పదవవంతు తగ్గింపుమనిరి. ఇనుము అదియే, రంధ్రము అదియే. తగ్గించినది చేతిమీది నమ్మకమును.

ఈ చేతులలో తెలుగుచేతులు చాల కలవు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరున కర్మశాల నెలకొల్పినపుడు, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వేలకొలది కుటుంబములు అచ్చటికి తరలిపోయి, కాలక్రమమున ఆ ఊరిలో తెలుగు వినబడని వీధి లేదనునంతగా స్థిరపడిపోయిరి. బాయిలరు పని, వ్యాగను పని, వంతెన పని ఆ కాలమున రివెట్టు పనియే. తరువాత రాష్ట్రపతియైన వి.వి.గిరి 1920లలో ఆ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వము వహించుటయు ఈ చరిత్రలోని భాగమే. సమ్మెటమోతవలన రివెట్టు పనివారు చెవిటివారగుట లోకమంతటను ఎఱిగిన విషయము. కొలతపట్టీలలో ఆ నష్టమునకు గడి కేటాయింపబడలేదు.

రివెట్టును తొలగించిన విద్యుదగ్ని రష్యాలో పుట్టినది. 1881లో బెనార్దోసు బొగ్గుకడ్డీతోను, 1888లో స్లావ్యానోవు లోహపుకడ్డీతోను విద్యుత్తు నడుమ ఇనుమును కరగించి అతికిరి; 20వ శతాబ్ది తొలి దశకమున స్వీడను దేశీయుడు షెల్‌బెర్గు ఆ కడ్డీకి మందుపూత పూయుట కనిపెట్టెను. ఆ పూత కాలి వాయువై, కరగిన లోహమును గాలినుండి కాపాడును. పైన స్లాగుగా పేరుకొని నెమ్మదిగా చల్లార్చును. అందు ఫెర్రో మాంగనీసు తప్పక యుండును. అది కరగినలోహమందలి ప్రాణవాయువును తీసివేయును. కోడూరు గనుల ద్రవ్యము ఈ విధముగా దూలములోనికే గాక దూలముల అతుకులోనికిని ప్రవేశించినది.

వెల్డింగనబడు ఈ అతుకుతో రంధ్రము లేదు, పైన కప్పు రేకు లేదు, బరువు తగ్గును, నీరు చొరదు. అందుచేత రెండవ ప్రపంచయుద్ధమున అమెరికనులు 2,700లకు పైగా లిబర్టీ ఓడలను ప్రధానముగా వెల్డింగుతోనే కట్టిరి. వానిలో కొన్ని చలిసముద్రములలో పెళ్లున పగిలెను. 1943 జనవరి 16న స్కెనెక్టడి అను తైలనౌక రేవున కట్టియుండగనే నడుమకు రెండయ్యెను. నింద మొదట వెల్డర్లమీద పడినది. పరిశీలింపగా నేరము ముగ్గురిదని తేలెను. వెల్డులో లోపములున్నమాట నిజమే. కాని డెక్కుమీది తలుపుల మూలలు చతురస్రముగా నుంచి ఒత్తిడి ఒక్కచోట పోగుపడనిచ్చినది రూపకర్త. చలికి పెళుసెక్కు ఉక్కును పోసినది మిల్లు. రివెట్టు ఓడలో పగులు ఒక రేకు అంచువరకు పోయి ఆగును. వెల్డు ఓడ యంతయు ఒకే రేకు వంటిది గనుక పగులునకు ఆగుచోటు లేదు. ఉక్కులో కర్బనమును తగ్గించి మాంగనీసు పాలును పెంచినచో పెళుసుదనము తగ్గునని ఆ పరిశోధనలే రూఢిపఱచినవి. అట్లని మాంగనీసును ఇష్టము వచ్చినట్లు పెంచుటకును వీలులేదు. వెల్డు ప్రక్కనున్న లోహము చల్లారి గట్టిపడి బీటలువారును. కర్బనమునకు మాంగనీసులో ఆరవవంతును, ఇతర లోహముల పాళ్లను కూడి చూచు సూత్రము ఆ హద్దు తెల్పుటకే పుట్టినది.

సరిగా ఈ సంధికాలముననే విశాఖపట్టణమున ఓడల కార్ఖానా వెలసినది. వాల్‌చంద్ హీరాచంద్ సంకల్పించిన సింధియా నౌకానిర్మాణకేంద్రమునకు 1941 జూను 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిరి; మరుసటి ఏప్రిలులో జపానువారి బాంబులు ఆ ఊరిమీద పడినవి; 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ‘జల ఉష’ను నీటికి దింపిరి. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డు అయ్యెను. లోకమందలి ఓడల కార్ఖానాలన్నియు రివెట్టును విడిచి వెల్డును పట్టుచున్న దశాబ్దులలోనే మన తీరపు కుఱ్ఱవాండ్రు ఈ పని నేర్చిరి. 1966లో స్థాపితమైన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ సంస్థ, అధికమైన ఒత్తిడిని సహింపవలసిన పాత్రల తయారీలో, ఆ విద్యకు మఱింత పదును పెట్టెను. సముద్రపు తేమలో వెల్డింగు రాడ్డు పూత చెమ్మ గ్రహించును. ఆ చెమ్మలోని ఉదజని కరగినలోహములో చొచ్చి, పని ముగిసిన మరునాటికి కంటికి కానరాని బీటగా బయటపడును. అందుచేతనే తక్కువ ఉదజని గల 7018 రాడ్లను ఓవెనులో బాగుగా కాల్చి ఆరబెట్టి, వేడివేడిగా తీసి వాడవలెను. ప్యాకెట్టు విప్పి పొద్దంతయు బల్లమీద పడవేసిన రాడ్డును మంచి మేస్త్రీ ముట్టనీయడు. నేడు సిక్కోలు పల్లెలనుండి గల్ఫుకును సింగపూరుకును పోవు వెల్డరు, 45 డిగ్రీల వాలున కదలకుండ బిగించిన గొట్టము చుట్టును వెల్డు నడిపించి, దానిని కోసి వంచి చూచినను పగులదని నిరూపించి చూపినగాని ప్రయాణము కాజాలడు. రివెట్టు కాలమున జట్టును నమ్మిరి. వెల్డు కాలమున ఒక్కొక్క చేతిని పరీక్షించి కాగితము వ్రాసియిచ్చిరి.

బోల్టు విద్యుత్తు వెల్డుకంటె పాతదైనను, గౌరవము మాత్రము ఆలస్యముగా లభించినది. సాధారణమైన నల్లబోల్టు రంధ్రమున వదులుగా నుండుటచేత తాత్కాలికపు పనికిని, చిన్న షెడ్లకును మాత్రమే తగినదిగా నెంచిరి. 1930లలో బర్మింగుహామున బాథో అను ఆచార్యుడు, గట్టి ఉక్కుబోల్టును తగినంత బిగించినచో రేకుల నడుమ రాపిడియే భారమును మోయగలదని ప్రయోగములచేత చూపెను. రివెట్టు ఉచితముగా నిచ్చిన పట్టు ఇచ్చట కొలతకు లోబడినది: నట్టును ఇంత త్రిప్పినచో ఇంత బిగింపు. 1951లో అమెరికాలోను, 1960లలో మనదేశమునను దీనికి నిబంధనలు వెలువడినవి. నలుగురు చేయు పనిని పానా చేతబట్టిన ఇద్దరు, కుంపటి లేక, మోత లేక, సగము కాలములో ముగింపగలిగిరి.

ఉక్కు కర్మాగారముకొఱకు జరిగిన 1966 ఉద్యమము పిమ్మట, 1971 జనవరిలో పునాదిరాయి పడి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారము నిర్మించునాటికి ఈ మూడు తరముల తగవు దాదాపు తీరినది. కార్ఖానాలో వెల్డు, కార్యస్థలమున బోల్టు. అదే కర్మాగారమున దొర్లింపబడిన యాంగిళ్లు, ఛానళ్లు, బీములు నేడు విజయనగరపు సంతలో తూకమునకు లభించును.

ఈ తీర్పు వెనుకనున్న అంకెలు గమనింపదగినవి. ఐ.ఎస్. 800 యొక్క 2007 ప్రతి ప్రకారము 20 మిల్లీమీటర్ల సామాన్యమైన 4.6 తరగతి బోల్టు మరలమీదుగా కోతను 45 కిలోన్యూటన్ల వరకు, అనగా దాదాపు నాలుగున్నర టన్నుల వరకు సహించును. అదే కొలతగల 8.8 తరగతి బోల్టు దానికి రెట్టింపు మోయును. పైకి చూచుటకు రెండును ఒక్కతీరుననే యుండును; భేదమంతయు తలమీద పొడిచిన ఆ అంకెలలోనే యున్నది, వానిని చదువక బస్తాలోనుండి చేతికందినది తీసి బిగించిన ఎరెక్షను కూలీ మూలముగా లెక్క సగమగును. ఆరు మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డు, కార్ఖానాలో వేసినచో, ఒక్కొక్క మిల్లీమీటరు పొడవునకు సుమారు 80 కిలోగ్రాముల భారమును సహించునని లెక్క. కార్ఖానా వెల్డునకు భద్రతాగుణకము 1.25 అని, కార్యస్థలపు వెల్డునకు 1.50 అని ఆ గ్రంథమే విధించినది. చేతి రివెట్టునకు 80, యంత్రపు రివెట్టునకు 100 అన్న పాతశంకయే క్రొత్తయంకెలలో పునర్జన్మ మెత్తినది. బోల్టునకు మాత్రము రెండుచోట్లను 1.25 యే, ఆకసమున వ్రేలాడుచు బిగించినవాడును నేలమీద బిగించినవాడును దానికి సమానులు. ఇంజనీర్లు బోల్టును ఏల వరించిరో దీనిచేత తెలియును.

అయినను అతుకు చెడుట ఎల్లప్పుడును చేతితప్పువలననే కాదు. 1981లో అమెరికాలోని కాన్సాసు నగరపు హోటలులో వ్రేలాడువంతెనలు కూలి 114 మంది మరణించుటకు కారణము, పైనుండి క్రిందివరకు పోవలసిన ఒకే కడ్డీకి బదులు రెండు కడ్డీలు పెట్టుటకు కాగితముమీదనే అంగీకరించుట. దానితో పై అతుకుమీది భారము రెట్టింపయ్యెను. అచ్చట నట్టు బిగించిన కూలివాడు చేసిన దోషమేమియు లేదు. అతుకు వివరమును కంట్రాక్టరు మేస్త్రీకి వదలిపెట్టి, దూలమువఱకే లెక్కవేసి సంతకము చేయు ఆచారము మన జిల్లాలలో ఇంకను పూర్తిగా పోలేదు. తుపానుగాలికి కప్పులెగిరిన గిడ్డంగులను చూచినవారు, దూలము విరిగినచోటికంటె అతుకు ఊడినచోటులే అధికమని ఎఱుగుదురు.

పాత రివెట్టు వంతెనలు మిగిలినచోట రైల్వేవారు వానిని నేటికిని తనిఖీ చేయుచునేయున్నారు. వదులైన రివెట్టును కనుగొను పద్ధతి ఇది: ఎడమచేతి చూపుడువ్రేలి కొనను రివెట్టు తలకును రేకునకును ఏకకాలమున తగులునట్లు ఒకప్రక్క ఆనించి, రెండవప్రక్కను 110 గ్రాముల చిన్నసుత్తితో గట్టిగా కొట్టుదురు, తల కదలినచో వ్రేలికి తెలియును. వదులని తేలినదానికి గుర్తు పెట్టి, పుస్తకమున వ్రాసికొని, తల కోసి, శేషమును బయటికి కొట్టివేయుదురు. దానిచోట మరల రివెట్టు వేయవలెనన్న కుంపటియు జట్టును ఇప్పుడు దొరకుట దుర్లభము గనుక, రంధ్రమును సరిచేసి, అధికబలముగల బోల్టునో, రంధ్రమునకు సరిపడ చిత్రికపట్టిన బోల్టునో బిగించి పోవుదురు.